అలంకార గీతల్లో ఖాళీ: పెనుకొండ సీమ కళల ఆధారంగా ఒక పరిచయం

అలంకార రేఖాచిత్రణలో ఖాళీ అంటే గీత, చుక్క, రంగు పడకుండా కావాలని వదిలిన జాగా. కాగితం మీద పెన్నుతో అల్లే నమూనాల్లో ఇది తెల్లగా ఉంటుంది కాబట్టి తెల్లజాగా అని కూడా అంటారు. అల్లిక ఎంత చిక్కగా ఉన్నా అందులోని పువ్వు పువ్వులా, తీగ తీగలా కంటికి ఆనేది ఈ జాగా వల్లనే. గీత ఆకారానికి హద్దు చెబుతుంది, ఆ హద్దుకు ఇవతల ఏముందో ఖాళీ చెబుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతంలో ఈ విద్యకు కావలసిన ఉదాహరణలన్నీ దగ్గర దగ్గరగా దొరుకుతాయి. ఇంటింటి వాకిట్లో ముగ్గు ఉంది. లేపాక్షి వీరభద్రాలయంలో చెక్కిన స్తంభాలూ పైకప్పు చిత్రాలూ ఉన్నాయి. ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలున్నాయి. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. పిండి, రాయి, పట్టు, తోలు దేనికదే వేరు. వాటి పనిముట్లూ వేరు. కానీ నాలుగింటిలోనూ ఒక క్రమం ఉమ్మడిగా కనిపిస్తుంది: ఖాళీ ఎక్కడ ఉండాలో ముందు తేలుతుంది, గీత దాని వెనకే వస్తుంది. కాగితం మీద నమూనాలు గీసేవారు ఈ కళల నుంచి నేర్చుకోవలసింది ముఖ్యంగా ఇదే.

ఖాళీలో రకాలు

అలంకార నమూనాలో ఖాళీ మూడు చోట్ల ఉంటుంది. మొదటిది చుట్టు ఖాళీ. అంటే నమూనాకూ కాగితం అంచుకూ మధ్య వదిలే గట్టు. రెండోది నడిమి ఖాళీ, ఒక ఆకారానికీ పక్క ఆకారానికీ మధ్య ఉండే ఎడం. మూడోది లోపలి ఖాళీ. రేకులో, ఆకులో, మెలికలో ఏమీ నింపకుండా వదిలిన గది ఇది.

ఖాళీకి ఒక స్థిరమైన రంగంటూ లేదు. కాగితం మీద అది తెలుపు. పేడనీళ్లు చల్లిన వాకిట్లో అది నేల రంగు, అక్కడ తెల్లనిది గీతే. చెక్కిన రాతిలో ఖాళీ నీడలా ఉంటుంది. దీపం ముందు నిలిపిన తోలుబొమ్మలో అది వెలుగు. ఈ తేడా గుర్తుంటే, తెల్లకాగితం మీద నల్లసిరాతో గీసేవారు వాకిటి ముగ్గును తిరగేసి చదువుకోగలరు.

ఆకారం, దాని వెనకనున్న నేల ఒకదానికొకటి ఎలా చోటు మార్చుకుంటాయో డెన్మార్క్ మనస్తత్వవేత్త ఎడ్గార్ రూబిన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. నల్లటి నేలమీద తెల్లటి పూలకుండీగానో, ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాలుగానో కనిపించే బొమ్మ ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. రెంటినీ ఒకేసారి ఆకారాలుగా చూడడం కంటికి కష్టం. ఒకటి ముందుకొస్తే రెండోది నేలగా వెనక్కి తగ్గుతుంది. అలంకార నమూనాలు గీసేవారు వాడుకునేది కంటికున్న ఈ స్వభావాన్నే.

ఆలోచనా చరిత్ర

అలంకారంలో నిండుదనం ఎంత, ఎడం ఎంత అన్న చర్చ పాతదే. లండన్‌లో 1851లో జరిగిన మహా ప్రదర్శనలో భారతీయ వస్త్రాలను చూసిన ఓవెన్ జోన్స్, 1856లో తెచ్చిన ‘ద గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్’లో, నేలంతా సమానంగా పరుచుకునే వాటి అలంకార పంపకాన్ని మెచ్చుకున్నాడు. అమెరికా చిత్రకళా బోధకుడు ఆర్థర్ వెస్లీ డౌ 1899 నాటి ‘కాంపోజిషన్’ అనే పుస్తకంలో జపాన్‌వారి ‘నోటాన్’ పద్ధతిని పాఠంగా మార్చాడు. వెలుగూ చీకటీ రెండూ సమాన హక్కుతో బొమ్మను పంచుకోవాలన్నది ఆ పద్ధతి సారం. 1979లో ఇ.హెచ్.గోంబ్రిక్ రాసిన ‘ద సెన్స్ ఆఫ్ ఆర్డర్’ అలంకారపు మనస్తత్వాన్ని విస్తారంగా పరిశీలించింది. జాగా మిగలకుండా నింపాలనే తపన గురించీ అందులో చర్చ ఉంది.

ఇటీవలి కాలంలో పెన్నుతో నమూనాలు అల్లే అలవాటును ప్రపంచమంతటా వ్యాపింపజేసింది జెంటాంగిల్ పద్ధతి. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన రిక్ రాబర్ట్స్, మరియా థామస్ 2000 తరవాతి తొలి ఏళ్లలో దీన్ని రూపొందించారు. మూడున్నర అంగుళాల చదరపు కాగితంపై నాలుగు మూలల్లో చుక్కలు పెడతారు, వాటిని పెన్సిల్‌తో కలిపి గట్టు గీస్తారు, లోపల ఒక వంకర గీతతో జాగాను గదులుగా విడదీస్తారు, ఆ తరవాతే గదుల్లో నల్లసిరాతో నమూనాలు నింపుతారు. చుక్కలతో మొదలై, జాగాను పంచుకుని, చివరికి గీతకు వచ్చే ఈ వరుస తెలుగువారికి చిన్నప్పటి నుంచీ పరిచయమే.

ముగ్గు: చుక్కలు పెట్టిన చోటే ఖాళీ తేలుతుంది

పెనుకొండ పల్లెల్లో తెల్లవారకముందే కసువు ఊడ్చి, పేడనీళ్లు చల్లి, నేల తడి ఆరకముందే ముగ్గు వేస్తారు. గడపకు జాజు పూసి దానిమీద తెల్లటి గీతలు దించుతారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారాలి. పిండి జారే వేగం, చెయ్యి నడిచే వేగం కలిస్తేనే గీత ఒకే మందంతో వస్తుంది. గీత ఒకే మందంలో ఉంటేనే రెండు గీతల మధ్య ఎడం సమంగా కనిపిస్తుంది.

చుక్కల ముగ్గులో మొదటి నిర్ణయం చుక్కల అమరిక. ఎదురు చుక్క పెడితే ఒక వరుసలోని చుక్కకు సరిగ్గా ఎదురుగా పక్క వరుస చుక్క వస్తుంది. నాలుగు చుక్కల మధ్య చదరపు ఖాళీ ఏర్పడుతుంది. సందు చుక్క పెడితే రెండు చుక్కల సందులో పక్క వరుస చుక్క వస్తుంది. మూడు చుక్కల మధ్య ముక్కోణపు ఖాళీ ఏర్పడుతుంది. ఎదురు చుక్కలో నడుమ 7తో మొదలుపెట్టి ఇరువైపులా 5, 3, 1గా తగ్గిస్తే మొత్తం 25 చుక్కలు, నాలుగు కొనలతో వజ్రం ఆకారం. సందు చుక్కలో నడుమ 7తో మొదలుపెట్టి ఇరువైపులా 6, 5, 4గా తగ్గిస్తే 37 చుక్కలు, ఆరు పక్కల ఆకారం. ఆరు రేకుల పువ్వులూ నక్షత్రాలూ సందు చుక్కలో సులువుగా రావడానికి కారణం ఇదే. ఒక్క గీత కూడా పడకముందే ఆరు దిక్కుల ఖాళీ అక్కడ సిద్ధంగా ఉంటుంది.

చుక్కలను గీతతో ఏం చేస్తారన్నది రెండో నిర్ణయం. గీతల ముగ్గులో చుక్క నుంచి చుక్కకు గీత సాగుతుంది. చుక్కలు గీతలో కలిసిపోతాయి, మిగిలేది రేకుల లోపలి ఖాళీ. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరుగుతుంది. ప్రతి చుక్కకూ సొంత గది దొరుకుతుంది. ఇందులో చుక్క గదులు కాక చుక్కలేని గదులు కూడా పుడతాయి. మూడు వరుసల్లో మూడేసి చుక్కలు పెట్టి మెలిక తిప్పితే చుక్క ఉన్న గదులు 9, నాలుగేసి చుక్కల నడుమ ఏర్పడే ఉత్త గదులు 4. ఆ నాలుగింటిని ఎవరూ విడిగా గీయరు. అయినా ముగ్గు పూర్తయ్యాక కన్ను మొదట పట్టుకునేది నడుమనున్న ఆ నాలుగు వజ్రాలనే. అవి ఒకే కొలతలో వచ్చాయా లేదా అన్నది చూసి, వేసినవారి చెయ్యి ఎంత నిలకడైనదో పెద్దవాళ్లు చెప్పేస్తారు.

మెలికల ముగ్గుల్లో గణితముంది. మద్రాస్ క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో తమిళుల కోలాలను కంప్యూటరు వ్యాకరణంగా రాసి చూపించారు. గదులు గదులుగా పరిచిన చుక్కల చుట్టూ వంకరలు తిరిగే గీతలపై మొజాంబిక్ గణితవేత్త పాలస్ గెర్డెస్ విస్తృతంగా పరిశోధించాడు. అంగోలాలోని చోక్వే ప్రజలు ఇసుకలో వేసే సోనా గీతలు ఆయన అధ్యయనానికి మూలం. దీర్ఘచతురస్రంగా పెట్టిన చుక్కలన్నిటినీ సాదా మెలికతో చుడితే ఎన్ని విడి గీతలు వస్తాయో అడ్డ వరుసల, నిలువు వరుసల సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం చెబుతుంది. 3 వరుసల్లో 3 చుక్కలైతే మూడు గీతలు. 3 వరుసల్లో 4 చుక్కలైతే మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చే ఒకే గీత.

సంక్రాంతి రోజుల్లో రథం ముగ్గు వేసేటప్పుడు చుట్టు ఖాళీ విలువ బాగా తెలుస్తుంది. వాకిలి ఎంత వెడల్పున్నా రథం చుట్టూ కొంత నేల వదులుతారు. పక్కింటి రథాన్ని కలుపుతూ లాగే తాడు గీత ఆ నేలమీదే సాగుతుంది. నేలంతా నిండిపోయి ఉంటే ఆ తాడు కనిపించదు.

లేపాక్షి: రాతిలో నీడ, చిత్రంలో నేల

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో, కూర్మశైలమనే గుట్టమీద వీరభద్రస్వామి ఆలయం ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529–1542 మధ్య, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని విస్తరించి కట్టించారు. ఈ ఆలయమూ, ఊరి మొదట్లోని ఏకశిలా నంది కలిపి 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

ఆలయ ప్రాంగణంలోని లతా మంటపం అలంకార నమూనాలకు నిఘంటువు వంటిది. స్తంభాల పలకల మీద తీగలు, పూలు, పక్షులు, రేఖాగణిత అల్లికలు ఒకదాన్ని పోలకుండా మరొకటి చెక్కారు. చీరల అంచులూ బుటాలూ గీసేవారు ఇప్పటికీ వీటిని చూసి నమూనాలు ఎత్తుకుంటారు. శిల్పి ఇక్కడ తీగను చెక్కడు, తీగ చుట్టూ ఉన్న రాతిని తీసేస్తాడు. ఉలి పడే చోటంతా ఖాళీ జాగాయే. తీసిన లోతు కొద్దిపాటిదే అయినా ఆ పల్లంలో నీడ నిలుస్తుంది, తీగ పైకి తేలుతుంది. ఎండ ఏటవాలుగా పడే ఉదయం, సాయంత్రం వేళల్లో ఒకే నమూనా మిట్టమధ్యాహ్నం కంటే స్పష్టంగా కనిపించేది ఇందువల్లనే. తీగ మలుపుల మధ్య ఎడం మరీ ఇరుకైతే ఉలి ఆడదు, మరీ వెడల్పైతే నీడ పలచబడి తీగ బలం తగ్గుతుంది. ఎడానికి పైహద్దునూ కిందిహద్దునూ పనిముట్టూ ఎండా కలిసి నిర్ణయిస్తాయి.

పైకప్పు చిత్రాల్లో పద్ధతి వేరు. సున్నపు పూత మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు రంగులతో వేసిన ఈ చిత్రాల్లో నీలం దాదాపు కనిపించదు. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, వటపత్రశాయి వంటి ఘట్టాలు పొడుగాటి పట్టీల్లో వరసగా సాగుతాయి. మనుషుల చీరలు, పంచెలు, ఉత్తరీయాలు చుక్కలు, చారలు, గళ్లు, పూలతో నిండి ఉంటాయి. ఒక్కో మనిషి బట్టమీది నమూనా ఒక్కో తీరు. వాళ్ల వెనకనున్న నేల మాత్రం ఎక్కువచోట్ల ఒకే రంగు, ఏ నమూనా లేని చదును. అంత వైవిధ్యమున్న వస్త్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా నిలబడటానికి ఆ చదునైన నేలే ఆధారం. పక్కపక్కన నిలిచిన ఇద్దరి మధ్య వేలెడు సందులో కూడా నేల రంగు కనిపించేలా చిత్రకారులు జాగ్రత్త పడ్డారు.

ఇదే ప్రాంగణంలో పైకప్పు లేని స్తంభాలతో కల్యాణ మంటపం అసంపూర్తిగా నిలిచింది. పని ఆగిపోయినందువల్ల మిగిలిన రాయీ, పని పూర్తి చేస్తూ వదిలిన రాయీ పక్కపక్కనే ఉండటం చూసేవారికి ఒక మేలు. మొదటిదాని హద్దులు ఎక్కడ ఆగాయో తెలియదు. రెండోదానికి నాలుగు పక్కలా స్పష్టమైన హద్దు ఉంటుంది. కాగితం మీద కూడా వదిలిన జాగాకు హద్దు తెలిస్తే అది అలంకారంలో భాగమవుతుంది, తెలియకపోతే గీయడం మరిచిన చోటులా ఉంటుంది.

పెనుకొండలోని గగన్ మహల్‌లో ఇదే నీతి భవనం కొలతలో కనిపిస్తుంది. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరవాత విజయనగర రాజులకు పెనుకొండ రాజధాని అయింది. ఈ మహల్‌లో కమానులూ పైన మెట్లుమెట్లుగా లేచే శిఖరమూ కంటిని పట్టుకుంటాయి. మధ్యనున్న గోడ చాలావరకు చదునుగా ఉండి వాటికి చోటిస్తుంది.

ధర్మవరం: బుటాకూ బుటాకూ మధ్య

ధర్మవరం పట్టుచీరకు వెడల్పాటి జరీ అంచు, నిండైన కొంగు గుర్తు. ఈ చీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. చీరలో మూడు భాగాలు మూడు సాంద్రతల్లో నడుస్తాయి. అంచులో నమూనా ఎడతెగకుండా సాగుతుంది. కొంగులో జరీ దట్టంగా పరుచుకుంటుంది. బాడీలో బుటాలు దూరం దూరంగా పడతాయి, కొన్నిటిలో బాడీ పూర్తిగా సాదాగానే ఉంటుంది. బాడీ తేలికపడేకొద్దీ అంచు బరువు పెరిగినట్టు కనిపిస్తుంది, అంచులో ఒక్క పోగు మార్చకపోయినా సరే.

డిజైనరు ముందుగా గళ్ల కాగితం మీద బుటా వేస్తాడు. దీన్నే గ్రాఫ్ అంటారు. రంగు నింపిన గడి జరీ కనిపించే చోటు, నింపని గడి నేలపట్టు. ఆ గ్రాఫ్‌ను జకార్డు అట్టల మీదికి రంధ్రాలుగా ఎక్కిస్తారు. ఫ్రాన్స్‌లోని లియాన్‌కు చెందిన జోసెఫ్ మరీ జకార్డు 1804లో తయారు చేసిన యంత్రం సూత్రం ఇదే: రంధ్రమున్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. గ్రాఫ్‌లో తెల్లగా వదిలిన ప్రతి గడీ అట్టమీద ఒక నిర్ణయంగా నమోదవుతుంది. నేయడం మొదలయ్యాక ఖాళీని మార్చాలంటే అట్టలే మార్చాలి.

బుటాల అమరికలో ముగ్గు మళ్లీ కనిపిస్తుంది. బుటాలను ఎదురు చుక్కలా పెడితే చీర కట్టినప్పుడు అడ్డంగానూ నిలువుగానూ చాళ్లు ఏర్పడి కన్ను వాటి వెంటే పరుగెడుతుంది. సందు చుక్కలా, ఒక వరుస బుటాల సందులో పై వరుస బుటా వచ్చేలా పెడితే చాళ్లు విరిగి బుటాలు చల్లినట్టు కనిపిస్తాయి. ఎక్కువ బుటా చీరల్లో ఈ రెండో అమరికే ఉంటుంది.

చీర చదునుగా చూసేది కాదు, కట్టుకునేది. ఇది కూడా ఎడాన్ని నిర్ణయిస్తుంది. కుచ్చిళ్లలో బట్ట మడతపడగానే అడుగు దూరంలో ఉన్న బుటాలు పక్కపక్కకు వచ్చేస్తాయి. బాడీలో మొదటినుంచే చిక్కగా ఉంటే కుచ్చిళ్ల దగ్గర జరీ ముద్దగా తయారవుతుంది. వెనకవైపు లెక్క ఇంకొకటి. బుటా అయిపోయాక జరీ పోగు తరవాతి బుటా దాకా వెనకవైపు వదులుగా సాగితే గాజులకూ వేళ్లకూ తగులుకుంటుంది. అందుకే దూరం ఎక్కువైనప్పుడు ఆ పోగును కత్తిరిస్తారు, లేదా బుటాకు బుటాకు విడిగా చిన్న కండెతో నేస్తారు. ముందువైపు ప్రశాంతంగా కనిపించే ఆ నేలపట్టు వెనక ఇంత ఆలోచన ఉంది.

నిమ్మలకుంట: రంధ్రంతో గీసే అలంకారం

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే వెలుతురు దూరే పలచని పలక తయారవుతుంది. దానిమీద మొనతో బొమ్మ రూపం గీస్తారు, రంగులు వేస్తారు, చెక్కమీద పెట్టి చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. గుండ్రటి రంధ్రం, నెలవంక రంధ్రం, వజ్రపు రంధ్రం అని ఉలి కొనను బట్టి ఆకారాలు మారతాయి. ఒక గుండ్రటి రంధ్రం చుట్టూ నెలవంకలు పేరిస్తే పువ్వు. రెండు వరుసల చుక్కల మధ్య వజ్రాలు పేరిస్తే వడ్డాణం. రాముడి కిరీటం, సీత హారాలు, పది తలల రావణుడి భుజకీర్తులు, చీర అంచులు అన్నీ ఇలా కట్టినవే.

తెర వెనక దీపం వెలిగాక ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలుగును వడగట్టి పంపుతాయి, నలుపు అడ్డుకుంటుంది. రంధ్రంలో నుంచి మాత్రం వెలుగు నేరుగా వస్తుంది. తెర మొత్తంలో అన్నిటికంటే మెరిసేవి ఆ రంధ్రాలే కాబట్టి నగలు నిజంగా నగల్లా తళుక్కుమంటాయి. బొమ్మను తెరకు ఆనిస్తే చుక్కలు పదునుగా ఉంటాయి, వెనక్కి జరిపితే పెద్దవై మసకబారతాయి. పూర్వం ఆముదపు దీపాల వెలుగులో మంట కదిలినప్పుడల్లా ఆ చుక్కలూ కదిలేవి.

ఇక్కడ ఖాళీకి హద్దు పెట్టేది తోలు బలం. రెండు రంధ్రాల మధ్య మిగిలే తోలు మరీ సన్నమైతే బొమ్మను ఆడించేటప్పుడు అక్కడ చిరుగుతుంది. గుండ్రంగా పూర్తిగా కోస్తే లోపలి ముక్క రాలిపోతుంది. కాబట్టి ప్రతి రంధ్రం చుట్టూ తోలు ఎక్కడో ఒకచోట మిగతా బొమ్మతో అంటుకుని ఉండాలి. భుజాలు, మోచేతుల వంటి అతుకుల దగ్గర రంధ్రాలు తగ్గిస్తారు. ముఖంలో కూడా అలంకారం తక్కువే. కన్ను, ముక్కు, పెదవి గీతలు తేటగా తెలియడానికి చెంపను చదునుగా వదులుతారు. చుట్టూ వందల చుక్కల వెలుగు ఉన్నా చూపు ముఖం మీదే ఆగడానికి ఆ చదునే కారణం.

నాటక ప్రదర్శనలు తగ్గాక ఈ కుటుంబాలు దీపపు గొట్టాలు, గోడ అలంకారాలు, చిత్రాలు చేసి అమ్ముతున్నాయి. గుండ్రటి దీపపు గొట్టంలో రంధ్రాల లెక్క మారుతుంది. వెలుగు చుట్టూ గోడలమీద పడుతుంది కాబట్టి నమూనా రెండుసార్లు కనిపిస్తుంది, తోలుమీద ఒకసారి, గోడమీద ఒకసారి.

పోలికకు మరో రెండు కళలు

శ్రీకాళహస్తి కలంకారీలో తెలుపు రంగును ఎవరూ వేయరు. వెదురు కలంతో గీసేముందు బట్టను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. నీలం వేసేటప్పుడు అది అంటకూడని చోట మైనం పూస్తారు. బొమ్మలో కనిపించే తెలుపు ఆఖరి దాకా కాపాడుకున్న బట్ట. సిరాతో గీసేవారికి ఇది సూటిగా వర్తిస్తుంది. సిరా పడిన చోటికి తెలుపు తిరిగి రాదు కాబట్టి దాన్ని మొదటినుంచీ కాపాడుకోవాలి.

ఆషాఢంలో పెట్టుకునే గోరింటాకు సంగతీ ఇంతే. అరచేతి నడుమ చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు పెట్టే పాత పద్ధతిలో చర్మం చాలాభాగం ఖాళీగా ఉంటుంది. చందమామ అంత ఎర్రగా కనిపించడంలో ఆ ఖాళీ చర్మానికి వాటా ఉంది.

కాగితం మీద పద్ధతులు

పై కళలన్నిటి నుంచి కాగితం మీదికి తెచ్చుకోదగిన పద్ధతులు ఇవి.

జాగా పంచుకోవడం: ముందు పెన్సిల్‌తో గట్టు, గదులు పలచగా గీయాలి. ఏ గదులు ఖాళీగా ఉండాలో అప్పుడే గుర్తు పెట్టుకోవాలి. మిగిలినవి మాత్రమే నింపాలి.

చుట్టు అంచు వదలడం: ఒక పువ్వు వెనక గీతల నేల వేసేటప్పుడు, గీతలు పువ్వును తాకకుండా సన్నటి తెల్ల పట్టీ వదలాలి. పువ్వు ముందుకు వచ్చినట్టు, నేల దాని వెనక సాగినట్టు కనిపిస్తుంది. లేపాక్షి చిత్రాల్లో మనుషుల మధ్య కనిపించే నేల చేసే పని ఇదే.

తిరగేయడం: ఆకారాన్ని తెల్లగా వదిలి చుట్టూ నల్లగా నింపాలి. శిల్పి రాతిని తీసే పద్ధతికి ఇది కాగితపు రూపం.

చుక్క గది: మెలిక తిప్పి, చుక్క ఉన్న గదులను వదిలి, చుక్కలేని గదులను నల్లగా నింపాలి. మరోసారి అదే నమూనాను తిప్పి నింపి చూడాలి. ఒకే గీతకు రెండు రూపాలు వస్తాయి.

పలచబరచడం: ఒక పక్క చిక్కగా మొదలైన నమూనాను మరో పక్కకు వెళ్లేకొద్దీ ఎడం పెంచుతూ ఖాళీలో కలిపేయాలి. చీరలో అంచు నుంచి బాడీకి వెళ్లే మార్గం ఇది.

ఎంత ఎడం వదిలితే ఎంత నలుపు కనిపిస్తుందో లెక్కకట్టవచ్చు. గీత మందాన్ని, గీతా ఎడమూ కలిపిన వెడల్పుతో భాగిస్తే నలుపు వాటా వస్తుంది. 0.5 మిల్లీమీటర్ల పెన్నుతో 0.5 మిల్లీమీటర్ల ఎడంలో గీతలు గీస్తే సగం నలుపు. ఎడం 1.5 మిల్లీమీటర్లైతే పావు భాగం. 4.5 మిల్లీమీటర్లైతే పదోవంతు. పక్కపక్క గదుల్లో ఈ మూడు వాటాలూ పెట్టి చూస్తే, పెన్ను మార్చకుండానే మూడు ఛాయలు కనిపిస్తాయి.

తరచు జరిగే పొరపాట్లు

అన్నిచోట్లా ఒకే ఎడం పాటించడం మొదటిది. దగ్గరగా చూస్తే శ్రమ తెలుస్తుంది కానీ చేయి చాచి చూస్తే బొమ్మంతా ఒకే బూడిదరంగుగా అయిపోతుంది. గీత మందం కంటే తక్కువ ఎడం వదలడం రెండోది. పలచటి కాగితంలో సిరా పాకి రెండు గీతలూ అతుక్కుపోతాయి. రెండు ఆకారాలు కొనల దగ్గర మాత్రమే తాకడం మూడోది. అవి ఒకదాన్నొకటి దాటాలి, లేదా స్పష్టంగా విడిపోవాలి. కొనకు కొన తగిలితే కన్ను అక్కడే చిక్కుకుంటుంది. వదిలిన గదులను చివర్లో వెలితిగా ఉన్నాయనిపించి నింపేయడం అన్నిటికంటే సాధారణమైన పొరపాటు. కాగితాన్ని తలకిందులు చేసి, కళ్లు సగం మూసి చూస్తే ఆకారాలు వెనక్కి తగ్గి ఖాళీల ఆకృతులు ముందుకు వస్తాయి. అవి బాగున్నాయనిపిస్తే పెన్ను పక్కన పెట్టవచ్చు.

ప్రస్తుత స్థితి

ముగ్గుల పోటీల్లో రంగుపొడులు నింపే అలవాటు బాగా పెరిగింది. గదులన్నీ రంగులతో నిండే ముగ్గులకు పండుగ కళ ఉంటుంది. కానీ చుక్కలేని ఉత్త గది చూపించే నైపుణ్యం వాటిలో కనుమరుగవుతుంది. ఉత్త గీత మీదే ఆధారపడే మెలికల ముగ్గును విడి విభాగంగా పెట్టి బహుమతి ఇవ్వడం పోటీలు నిర్వహించేవారు సులువుగా చేయగలిగిన మంచిపని. సిమెంటు వాకిళ్లు, అతికించుకునే ముగ్గు స్టిక్కర్లు వచ్చాక రోజూ చెయ్యి తిరిగే అవకాశం తగ్గింది. చీరలకు చేతితో గ్రాఫ్ వేసే పని కూడా చాలాచోట్ల కంప్యూటరుకు మారింది. అయినా గడిని నింపాలా వదలాలా అన్నది అక్కడా మనిషే తేల్చాలి.

బడిలో చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయులకు ఈ ప్రాంతం సిద్ధంగా ఉన్న పాఠ్యపుస్తకం. పిల్లలను లతా మంటపానికి తీసుకెళ్లినప్పుడు తీగను కాకుండా తీగల మధ్యనున్న పల్లాన్ని గీయమని అడగవచ్చు. తోలుబొమ్మ ముందు దీపం పెట్టి వెలుగు పడిన చుక్కలను మాత్రమే కాగితం మీద గుర్తు పెట్టమనవచ్చు. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో వేసే ముగ్గులో ఉత్త గదులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రమ్మనవచ్చు. ఈ మూడు పనులు చేసిన పిల్లవాడు తరవాత తెల్లకాగితం ముందు కూర్చున్నప్పుడు ఎక్కడ గీయాలో చూసే ముందు ఎక్కడ గీయకూడదో చూసుకుంటాడు. ఈ నాలుగు కళలవారూ తరతరాలుగా పని మొదలుపెడుతున్నది ఆ చూపుతోనే.